పుస్తకం చూసి చేసిన పీట

సంక్రాంతి నెల పట్టగానే వారపత్రికల్లో ముగ్గులు దిగుతాయి గదా. ముగ్గు కింద ఒకే ఒక్క వాక్యం ఉంటుంది: పదిహేను చుక్కలు, సందు చుక్కలు, ఎనిమిది వచ్చేవరకూ. అంతే. పిండి ఏ వేళ్ళ మధ్య పట్టుకోవాలో, గీత ఎక్కడ ఎత్తుకోవాలో, మధ్యలో చెయ్యి వణికితే ఎలా సర్దుకోవాలో ఎవరూ రాయరు. రాయనక్కర్లేదు కూడా. ఐదేళ్ళప్పుడు అమ్మ వెనకాల వంగుని నిలబడి నేర్చుకున్న సంగతులవి.

వంటల పుస్తకమూ అంతే. "ఉప్పు తగినంత" అని రాస్తే మనకు కోపం రాదు. ఎంత తగునో మన చేతికి తెలుసు. కానీ అమ్మకు దూరంగా, భాష తెలియని ఊళ్ళో కొత్త కాపురం పెట్టిన పిల్లకి ఆ "తగినంత" దగ్గరే పొయ్యి ఆరిపోతుంది. మాలతీ చందూర్ గారి "వంటలు-పిండివంటలు" అన్ని ముద్రణలు పొందిందంటే, అలాంటి పిల్లలు మన ఇళ్ళల్లో ఎందరున్నారో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు నేను చెప్పబోయేది వంటల పుస్తకాల గురించి కాదు, వడ్రంగం పుస్తకాల గురించి. ఆడవాళ్ళ పేజీలో వడ్రంగమేమిటని నొసలు ముడవకండి. మనం కూర్చునే పీట, మజ్జిగ చిలికే కవ్వం, పసుపు కుంకాలు దాచుకునే భరిణె, అమ్మమ్మ నాటి మందసం, వీటన్నిటినీ రోజూ ముట్టుకునేది మనమే. చేసే విద్య మాత్రం మన దాకా రాలేదు. ఉలి మన చేతికి ఎవరూ ఇవ్వలేదు. అంచేత వడ్రంగంలో మనందరం అమ్మలేని పిల్లలమే. మనకు పుస్తకమే దిక్కు. ఆ దిక్కు ఎంతవరకూ దారి చూపిస్తుందన్నదే ఈ వ్యాసం.

నా కథ ముందు చెప్పేస్తాను. అబిడ్స్‌లో ఆదివారం నాడు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతారని తెలుసుగా. అక్కడ ఓసారి ఇంటి పనిముట్లు సొంతంగా చేసుకునే పద్ధతులున్న ఇంగ్లీషు పుస్తకమొకటి కొన్నాను. పేరు చెప్పను. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. అందులో మన పీటలాంటి చిన్న ఆసనం ఒకటి కనిపించింది. కొలతలన్నీ అంగుళంలో ఎనిమిదో వంతు దాకా ఇచ్చారు. పై చెక్క ఇంత, కింద అడ్డపట్టీలు రెండు ఇంత, మేకులు ఇన్ని, బంక ఇక్కడ. ఇంకేం కావాలి! సంక్రాంతి వెళ్ళిన వారం మామిడి చెక్క తెప్పించి, మా వారు నవ్వుతుంటే, నాలుగు రోజులు రంపంతో కుస్తీ పట్టి పీట చేశాను. కొలత ఎక్కడా వీసమెత్తు తప్పలేదు. కూర్చుంటే కదల్లేదు కూడా. నాలుగు నెలలు మహారాణిలా దాని మీదే కూర్చుని కూరలు తరిగాను.

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా రోలు పగల్లేదు గాని, పీట పగిలింది. మధ్యాహ్నం అందరం పడుకున్న వేళ ఫట్‌మని చప్పుడు. వచ్చి చూద్దును గదా, ఈ చివర నుంచి ఆ చివరకు నిలువునా బీట!

తలుపు బాగు చేయడానికి వచ్చిన ఆచారి గారికి చూపించాను. ఆయన పీటను బోర్లా తిప్పి, అడ్డపట్టీల మీద వేలితో కొట్టి చూసి, "ఎవరమ్మా దీన్ని ఇలా కట్టేసింది?" అన్నారు. నేనేనని చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. "కొలత బాగానే వచ్చింది తల్లీ. కానీ చెక్క బతికే ఉంటుంది గదా. ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఒళ్ళు విరుచుకుంటుంది. మీరు పట్టీలను బంకేసి, మేకులు కొట్టి, దాన్ని కదలకుండా పట్టుకున్నారు. అది కదలాలనుకుంది. అందుకే చిరిగింది. మీ పుస్తకంలో ఈ మాట రాయలేదా?" అన్నారు.

రాయలేదు. వెతికి చూశాను. రెండు వందల పేజీల్లో ఎక్కడా లేదు.

ఆయన చెప్పినదాంట్లో శాస్త్రం ఇదీ. చెక్క నార వెంబడి, అంటే నిలువున, దాదాపు ముడుచుకోదు. నారకు అడ్డంగా మాత్రం ముడుచుకుంటుంది, ఉబ్బుతుంది. పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి కొన్ని జాతుల్లో అడ్డంగా నూటికి ఎనిమిది పాళ్ళ దాకా తగ్గవచ్చు. టేకు తక్కువ కదులుతుంది, దానికున్న గౌరవానికి ఒక కారణం అదే. వర్షాకాలంలో మన తలుపులు చౌకట్లో బిగుసుకుపోయి, వేసవిలో మళ్ళీ దారికి రావడానికి కారణమూ ఇదే. ఏటా తలుపుతో కుస్తీ పడుతూ కూడా నా పీట సంగతి నాకు తట్టలేదు చూశారా! పై చెక్క నార ఒక వైపు, దాని కింద పట్టీ నార దానికి అడ్డంగా ఉన్నప్పుడు, రెంటినీ గట్టిగా బంకతో బంధిస్తే ఏదో ఒకటి తెగాల్సిందే. మధ్యలో ఒకచోట బిగించి, చివర్లలో కొంచెం జారే వీలు ఉంచాలి. ఆ "కొంచెం" ఎంతో చెప్పడమే అసలు విద్య. వంటలో "తగినంత" లాంటిదే ఇది.

ఆ రోజు నుంచి ఇలాంటి పుస్తకం ఏది చేతికొచ్చినా నేను ఒక్కటే పరీక్ష పెడుతున్నాను. ఇందులో కొలతలు సరే, "తగినంత" చెప్పారా? గురువు లేనివాళ్ళని లోపలికి రానిచ్చారా, లేక గుమ్మంలో నిలబెట్టి బొమ్మలు చూపించి పంపేశారా?

ఇంగ్లీషులో ఈ తరహా పుస్తకాలకి పెద్దదిక్కు జోసెఫ్ మాక్సన్. లండన్‌లో అచ్చుపని, గ్లోబులు, సముద్రపటాలు చేసే మనిషి. 1677-78 ప్రాంతంలో "మెకానిక్ ఎక్సర్‌సైజెస్" అని మొదలుపెట్టి కమ్మరం, వడ్రంగం, తరిణె పని గురించి విడివిడి భాగాలుగా అచ్చు వేశాడు. మన సీరియల్ లాగే అన్నమాట! తరువాత తన సొంత వృత్తి అయిన అచ్చుపని మీద కూడా రాశాడు. తండ్రి నుంచి కొడుక్కి, యజమాని నుంచి శిష్యుడికి తప్ప ఇంకొకరికి చెప్పని సంగతుల్ని నాలుగు డబ్బులిచ్చిన ప్రతివాడికీ చెప్పడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. పనిముట్టు ఎలా పట్టుకోవాలో, చిత్రిక ఎలా పట్టాలో ఓపిగ్గా వివరిస్తాడు. చేతి నేర్పు మాటల్లో చెబితే వచ్చేది కాదు, చేసి చేసి సంపాదించుకోవాల్సిందేనని తనే ఒప్పుకుంటాడు. నాకు మాక్సన్ నచ్చింది ఈ ఒప్పుకోలు వల్లనే. కానీ ఆయన వడ్రంగి కాడు. బొమ్మల్లో కొన్ని అంతకుముందు వచ్చిన ఫ్రెంచి పుస్తకం చూసి దించినవి. చూసి రాసినదానికీ చేసి రాసినదానికీ తేడా అక్కడక్కడా తెలిసిపోతూనే ఉంటుంది.

నూరేళ్ళ తరువాత పారిస్‌లో ఆంద్రే రూబో వచ్చాడు. ఈయన వడ్రంగి కొడుకు, తనూ వడ్రంగే. 1769 నుంచి కొన్నేళ్ళ పాటు వెలువడిన ఆయన ఉద్గ్రంథంలో బొమ్మల పలకలే 380 పైచిలుకు. చూస్తే కళ్ళు చెదురుతాయి. కానీ కొయ్య మేడలూ రాజుల బళ్ళూ ఉన్న పుస్తకం మన వంటింటి పీట దాకా ఎప్పుడు దిగి వస్తుంది? దండం పెట్టుకుని ముందుకు పోదాం.

నా పరీక్షలో మొదటి తరగతిలో పాసయిన మనిషి చార్లెస్ హేవర్డ్. 1901లో మొదలైన "ది వుడ్‌వర్కర్" అనే ఇంగ్లండు పత్రికకి 1939 నుంచి 1967 దాకా ఆయన సంపాదకుడు. స్వయంగా వర్క్‌షాపులో పని నేర్చినవాడు. వ్యాసాలూ ఆయనే రాసేవాడు, బొమ్మలూ ఆయనే గీసేవాడు. ఆ బొమ్మల్లో వస్తువు ఒక్కటే ఉండదు, చెయ్యి కూడా ఉంటుంది. ఉలి ఏ వాలున నిలబడాలి, బొటనవేలు ఎక్కడ ఉండాలి, రంపం మొదటి వరస ఎటు లాగాలి, అన్నీ చూపిస్తాడు. రెండు చెక్కలు కలిపేచోట బెజ్జం తొలిచి, రెండో చెక్క కొస చెక్కి అందులో దింపే పని ఉంటుంది చూడండి, అందులో జరగబోయే పొరపాట్లని కూడా ముందే ఊహించి చెబుతాడు. పిండివంట చేస్తూ "ఇదిగో, ఇక్కడే పాకం ముదురుతుంది, జాగ్రత్త" అని పక్కన నిలబడి చెప్పే పెద్దమ్మ లాంటి రచయిత. ఆ ఏళ్ళలోనే యుద్ధం వచ్చింది, కలపకి కరువొచ్చింది, 1942లో బ్రిటిష్ ప్రభుత్వమే పొదుపు నమూనాలతో "యుటిలిటీ ఫర్నిచర్" పథకం పెట్టింది. కరువులో నేర్చిన వంటలాగా, ఉన్నదాంతో సరిపెట్టే తెలివి ఆయన రాతల్లో కనిపిస్తుంది. 2016 నుంచి అమెరికాలో లాస్ట్ ఆర్ట్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ ఆ పాత వ్యాసాల్ని సంపుటాలుగా వేసింది. డెబ్భై ఎనభై ఏళ్ళ నాటి రాతలు ఇవాళ కొని చదువుతున్నారంటే, ఊరికే కాదు.

ఒక్క ఫిర్యాదు. ఆ కాలపు ఇలాంటి పత్రికల్లో చదివేది ఎప్పుడూ "ఆయనే". ఆవిడకి కుట్టుపెట్టె చేసిపెట్టడం వరకే ఆవిడ ప్రవేశం. కుట్టుపెట్టె అందుకుని మురిసిపోవడానికి తప్ప ఆ పేజీలో మనకు చోటు లేదు.

ఇక ఎంజో మారి దగ్గర కాసేపు ఆగాలి. ఇటలీ వాడు, పేరున్న డిజైనరు. 1974లో "ఆటోప్రొజెత్తాజియోనె" అని చిన్న పుస్తకం వేశాడు. "ఎవరికి వారే చేసుకునే రూపకల్పన" అనుకోండి. బల్లలు, కుర్చీలు, మంచాలు, అలమారు, మొత్తం 19 నమూనాలు. కావలసినవి మామూలు కోత చెక్కలు, మేకులు, సుత్తి. బెజ్జాలు తొలిచే బాధ లేదు. తపాలా ఖర్చు పంపితే చాలు, పుస్తకం ఉచితంగా పంపించేవాడు. ఎవరైనా చేసుకోవచ్చు, ఫ్యాక్టరీలూ వ్యాపారులూ మాత్రం చేయకూడదు. చేశాక ఎలా ఉందో రాయండి, ఫొటో పంపండి అని అడిగాడు. మనిషి తన చేత్తో ఒక్క బల్ల చేస్తే, ఆ తరువాత షాపులో బల్లని చూసే చూపే మారుతుందని ఆయన నమ్మకం. ఈ కాలు ఎందుకు వంకరగా ఉంది, ఈ బద్ద లేకపోతే ఏమవుతుంది అని అడగడం నేర్చుకుంటారని.

ఎంత పెద్ద మాట! మిక్సీలో రుబ్బిన పచ్చడికీ రోట్లో నూరిన పచ్చడికీ తేడా, ఒక్కసారైనా నూరినవాళ్ళకే తెలిసినట్టు.

కానీ విమర్శ విమర్శే గదా. మారి పుస్తకంలో ఉన్నవి కొలతల బొమ్మ, ఫొటో, చెక్కల జాబితా. మాటలు బహు తక్కువ. రంపం పట్టడం రానివాళ్ళకి ఆయన నేర్పడు. పుస్తకం ఉచితం గాని చెక్క ఉచితం కాదు, ఆదివారం మధ్యాహ్నమూ ఉచితం కాదు. ఆదివారం మధ్యాహ్నం ఎవరికి ఉంటుందో, ఎవరికి ఉండదో మన పాఠకురాళ్ళకి నేను చెప్పాలా? ఆ ఉత్తరాలు రాసినవాళ్ళలో చాలామంది తన ఉద్దేశం గ్రహించలేదని, పల్లెటూరి ముచ్చటలాగా తీసుకున్నారని ఆయనే తరువాత వాపోయాడు. 2010లో ఫిన్లండ్ కంపెనీ ఆర్టెక్ అందులోని ఒక కుర్చీని ముక్కలుగా కోసి, కట్టకట్టి, ఆయన అనుమతితోనే అమ్మకానికి పెట్టింది. కొనకుండా చేసుకోమన్న కుర్చీ కొనుక్కునే వస్తువైంది! అయితే ఇంకో వైపూ ఉంది. ఆ తరువాత కొన్నేళ్ళకి బెర్లిన్‌లో, పనిచేసుకునే అనుమతి లేని శరణార్థి యువకులు అవే నమూనాలు పట్టుకుని కుర్చీలు చేసి అమ్ముకుంటూ నిలదొక్కుకోవడానికి ప్రయత్నించారు. దానికీ మారి సరేనన్నాడు. 2020లో ఆయన పోయాడు. ఆ పుస్తకం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

ఒక చిత్రం చెప్పనా? మారి మేకులే కొట్టమన్నాడు, బంక వాడమనలేదు. మేకు చెక్కతో పాటు కాస్త వంగుతుంది, సర్దుకుంటుంది. బంక సర్దుకోదు. మేకులతోనే ఆగి ఉంటే నా పీట బహుశా బతికేదేమో!

అమెరికా నుంచి వచ్చే పథకాల పుస్తకాల్లో ఇంకో గోతి ఉంది. అక్కడ "టూ బై ఫోర్" అంటే రెండంగుళాలు, నాలుగంగుళాలు కాదు. చిత్రిక పట్టి ఆరబెట్టాక ఒకటిన్నర, మూడున్నర. అక్కడివాళ్ళందరికీ తెలుసు గనుక పుస్తకంలో చెప్పరు. మనం నమ్మకంగా అడితిలో రెండూ నాలుగూ కోయించి తెచ్చుకుంటే, చివరికి ఏ బెజ్జంలోనూ ఏ కొసా దిగదు. పుస్తకం అబద్ధమాడలేదు. తన ఊరివాళ్ళతోనే మాట్లాడుకుంది, అంతే. పక్కింటి అత్తగారి "గ్లాసుడు బియ్యం" లాంటిది. ఆవిడ గ్లాసు మన గ్లాసు కాదు గదా.

చివరగా నాన్సీ హిల్లర్. ఇంగ్లండులో పని నేర్చుకుని, అమెరికాలోని ఇండియానాలో స్థిరపడి, జీవితమంతా అలమార్లూ బల్లలూ చేసి బతికిన ఆవిడ. 2017లో "మేకింగ్ థింగ్స్ వర్క్" అని పుస్తకం రాసింది. పథకాలు నేర్పే పుస్తకం కాదది, ఆ పని చేసుకు బతకడం గురించిన కథలు. చలికి వణుకుతూ పనిచేసిన షెడ్లు, బేరమాడే ఖాతాదారులు, వేసిన లెక్క చాలక రాత్రుళ్ళు పట్టని నిద్ర. నవ్వించి నవ్వించి గొంతులో ఏదో అడ్డం పడేలా చేస్తుంది. మిగతా పుస్తకాలన్నీ పీట ఎలా చేయాలో చెబితే, పీటకి ఎంత అడగాలో, అడిగితే ఎదుటివాళ్ళు ఎలా ముఖం పెడతారో చెప్పింది ఈవిడే. తరువాత వంటిళ్ళ గురించి "కిచెన్ థింక్" అనే పుస్తకం కూడా రాసి, 2022లో కన్నుమూసింది. ఆడవాళ్ళు ఈ పనిలోకి రావచ్చా అని ఆవిడ ఎక్కడా ఉపన్యాసం ఇవ్వదు. పని చేసి చూపించింది, అప్పు కూడా తీర్చుకుంది. అంతకంటే జవాబేముంది?

మరి మన తెలుగులో? మన విద్వాంసులు ఊరూరా తిరిగి వృత్తుల మాటలు సేకరించారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయం మాటలు 1962లో వచ్చాయి, చేనేత మాటలు 1971లో వచ్చాయి. అది గొప్ప పని. కానీ మాట తెలిసినంత మాత్రాన చేతికి పని తెలియదు. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో, ఏటికొప్పాకలో అంకుడు చెక్కతో బొమ్మలు చేసే ఇళ్ళల్లో పుస్తకం అవసరం లేదు. బయట నుంచి వచ్చే మనకే కావాలి.

ఈ మాటే ఆచారి గారితో అన్నాను. "మీకు తెలిసినదంతా చెప్పండి, నేను రాస్తాను. బొమ్మలు ఎవరి చేతైనా వేయిద్దాం" అన్నాను. ఆయన కాసేపు రంపం పళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. "రాయొచ్చమ్మా. రాసుకుని అందరూ ఎవరిది వాళ్ళు చేసుకుంటే, నన్నెవరు పిలుస్తారు?" అన్నారు.

నాకు మాట రాలేదు. మాక్సన్ రోజుల్లో లండన్ పనివాళ్ళు కూడా ఈ మాటే అనుకుని ఉంటారు. విద్య దాచుకున్నారని మనం నిష్ఠూరమాడతాం. దాచుకున్నది విద్య ఒక్కటే కాదు, రేపటి కూడు కూడాను. అయితే ఆయన్ని పిలవడం మానేసింది పుస్తకం చదివినవాళ్ళా? ఫ్యాక్టరీ బల్లలు కొని తెచ్చుకున్న మనమంతానా? ఒక్క పీట సొంతంగా చేసి, అది పగిలి, ఎందుకు పగిలిందో తెలుసుకున్న నేను, ఇక ఏ జన్మలోనూ ఆచారి గారి దగ్గర బేరమాడలేను. నాలుగు రోజుల నడుం నొప్పి నాకు ఆ లెక్క నేర్పింది. మంచి పుస్తకం చదివితే వడ్రంగికి గిరాకీ తగ్గుతుందని నేననుకోను. అతని పని విలువ తెలిసినవాళ్ళు నలుగురు పెరుగుతారు.

ఇంతా చెప్పాను గాని ఆయనకు మాత్రం అప్పుడు ఇది చెప్పలేకపోయాను. ఆయనే పీటను ఒళ్ళో పెట్టుకుని, పాత పట్టీలు ఊడబెరికి, కొత్త పట్టీల చివర బెజ్జాల్ని నిలువుగా కాస్త సాగదీసి, స్క్రూలు బిగించారు. బీటను మాత్రం అలాగే ఉంచేశారు. "మూయనా?" అంటే, "వద్దమ్మా, వానాకాలం వచ్చాక చూడండి" అన్నారు.

శ్రావణమాసం వచ్చింది. బీట సగానికి సగం మూసుకుంది. ఎంత బెజ్జం, ఎంత సందు అని అడిగి రాసుకుందామని కాగితం పట్టుకుని వెళితే, "తగినంతే తల్లీ" అన్నారు. ఈసారి నాకు కోపం రాలేదు. స్కేలు తీసుకొచ్చి నేనే కొలుచుకున్నాను.